బాకీల వరస

శ్లాబు పడే ముందురోజు దాకా ఫోన్లు వాళ్లు చేస్తారు. పడిన మర్నాటి నుంచి మనం చేయాలి. నెల్లూరు సముద్రపు ఒడ్డున మూడు దశాబ్దాలుగా కట్టుబడి పనులు చేయిస్తున్నాను. ఈ వృత్తి ఎట్టా ఉంటుందని ఎవరైనా అడిగితే ముందు ఈ మాటే చెబుతాను.

బాకీ పెరిగితే బియ్యం అంగడాయన సరుకు ఆపేస్తాడు. కంతు కట్టకపోతే ఫైనాన్సు ఇచ్చినాయన బండి తోలుకుపోతాడు. కంట్రాక్టరు ఏం తోలుకుపోతాడు? శ్లాబులో పడిన కడ్డీని పీక్కోలేం. గోడకెక్కిన సిమెంటును గీక్కోలేం. పని ఎంత గట్టిగా చేస్తే అంత గట్టిగా అది అవతలివాడి సొంతమైపోతుంది. అందుకే ఈ ఒడ్డున చిన్న కంట్రాక్టరు బతుకులో సగం కట్టడం, సగం అడగడం.

మా నాయన బేల్దారి మేస్త్రీ. 1990ల మొదట్లో టైగర్ రొయ్య జోరు మీదున్నప్పుడు నేను ఆయన వెంట పనికి పోయేవాణ్ణి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో వరి పండే కయ్యలు కూడా రొయ్యల గుంటలయ్యాయి. మైపాడు, రాముడుపాళెం వైపు ఒడ్డు వెంట రొయ్య పిల్లల్ని, అంటే సీడును, తయారుచేసే హేచరీలు లేచాయి. హేచరీ ట్యాంకు కట్టడం మామూలు నీళ్ల తొట్టి కట్టినట్టు కాదు. లోపలి మూలలు గుండ్రంగా తీయాలి, లేకపోతే మురికి మూలన చేరి సీడు చస్తుంది. పూత చేత్తో నిమిరితే ఎక్కడా గరుకు తగలకూడదు. కాంక్రీటుకు మంచినీళ్లు ట్యాంకరుతో తెప్పించాలి, ఉప్పునీళ్లు కలిపితే లోపలి కడ్డీ తుప్పు పట్టి నాలుగేళ్లకే గోడ ఉబ్బుతుంది. ఈ పనిలో నాయనకు మంచి పేరుండేది. పేరున్న మేస్త్రీకి పని వెతుక్కుంటూ వస్తుంది. డబ్బు మాత్రం దానంతటది రాదు.

1994లో తెల్లమచ్చ రోగం దిగింది. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకి, రొయ్యలు గట్టు పక్కన తేలి చచ్చాయి. అది సర్దుకునే లోపల 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న గుంటలు తీసేయాలన్నది. తర్వాత కేంద్రం ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టడం, లైసెన్సులివ్వడం జరిగాయి గానీ, తీర్పు వార్త విన్న వారంలోనే మద్రాసు నుంచీ పై జిల్లాల నుంచీ వచ్చి పెట్టుబడి పెట్టినవాళ్లు సగం కట్టిన ట్యాంకులు వదిలేసి పోయారు. నాయన వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. వాడికీ నెలల జీతం రావాల్సి ఉంది. ఇద్దరూ ఒకరి బాకీ ఒకరికి చెప్పుకుని, బీడీ ముట్టించుకున్నాక నాయన వచ్చేశాడు. ఆ తర్వాత ఎవరో మధ్యవర్తి మాట సాయం చేస్తే డబ్బుకు బదులు ఒక మోటారు, కొన్ని ఆస్‌బెస్టాస్ రేకులు దక్కాయి. ఆ రేకులు ఇప్పటికీ మా సామాన్ల కొట్టు మీద ఉన్నాయి.

నాయన పోయాక పని నా చేతికొచ్చింది. వసూలు మెలకువలు నేను ఆయన దగ్గర నేర్చుకోలేదు, బాకీ పడినవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. వాళ్లు నేర్పిన మొదటి పాఠం ఇది: బాకీ ఉన్న ప్రతివాడి మనసులో ఒక వరస ఉంటుంది. డబ్బు రాగానే ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని. గుంటల ఆసామి సంగతే తీసుకుందాం. పొలం తాకట్టు ఉంది కాబట్టి బ్యాంకు ముందు. నూటికి రెండు, మూడు రూపాయల లెక్కన నోటు రాయించుకున్న వడ్డీకాయన తర్వాత. ఆయనకు ఇవ్వకపోతే ఊళ్లో పరువు పోతుంది. మేత డీలరు మూడోవాడు, ఎందుకంటే వచ్చే పంటకు మళ్లీ ఆయనే మేత అప్పివ్వాలి. ఆ తర్వాత సీడు, డీజిలు, లీజు. ఇంత వరసలో ఇల్లు కట్టిన మేస్త్రీ ఎక్కడ ఉంటాడు? ఆఖర్న ఉంటాడు. ఇల్లు ఎటూ కట్టేశాడు కదా.

ఆసామి చెడ్డవాడని కాదు. ఆయన ఎవరికి ఇవ్వకపోతే ఏం పోగొట్టుకుంటాడో ఆ లెక్కలోనే వరస కడతాడు. కాబట్టి వసూలంటే అరవడం కాదు, కాళ్లు పట్టుకోవడం కాదు. ఆ వరసలో ఒక మెట్టు పైకెక్కడం.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఈ ఒడ్డుకు మళ్లీ డబ్బు వచ్చింది. ఊళ్లలో మిద్దెలు లేచాయి. మాకు నెల్లూరులో స్థలం లెక్క అంకణాల్లో ఉంటుంది, అంకణమంటే 72 చదరపు అడుగులు. అప్పటిదాకా పది పన్నెండు అంకణాల్లో సర్దుకున్నవాళ్లు ముప్పై అంకణాల్లో డూప్లెక్సు అడిగారు. అట్టాంటి ఒక మిద్దె నేను కట్టాను. శ్లాబు దాకా డబ్బు ఇబ్బంది లేకుండా వచ్చింది. శ్లాబయ్యాక లక్షా ఎనభై వేలు నిలబడిపోయింది.

గృహప్రవేశం రోజు పిలిచి, పదిమందిలో నాకూ మా మేస్త్రీలకూ కొత్త బట్టలు పెట్టారు. పసుపు రాసిన పంచె, తాంబూలం, పైన వందరూపాయల నోటు. ఆ పంచె చేతిలో పట్టుకుని బాకీ సంగతి ఎత్తలేం. అది తెలిసే కొంతమంది బట్టలు ఘనంగా పెడతారని నా అనుమానం. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా ఇంట్లో లోపాలు బయటపడ్డాయి. బాత్‌రూములో బకెట్టు నీళ్లు కుమ్మరించి, "చూడు మేస్త్రీ, ఈ మూల నీళ్లు నిలబడ్తుండాయి" అని చూపించారు. పిట్టగోడ మీద వెంట్రుకంత పగులు చూపించారు. ఉప్పుగాలి తగిలే చోట గోడకు పగుళ్లు రావడం వాళ్లకూ తెలుసు. అప్పుడు ఆ పగులు గోడలో కంటే లెక్కలో ఎక్కువ పనికొస్తుంది, అంతే. నేను వాదించలేదు. మర్నాడు మనిషిని పంపి బాత్‌రూము వాలు సరిచేయించాను, పగులు పూయించాను. చెప్పడానికి ఏమీ మిగలకుండా చేశాక ఆసామి ఉన్నమాట చెప్పాడు. "పట్టుబడి కానీ సామీ, ఇచ్చేస్తా. యాడికి పోతా?"

పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజు, ఎప్పుడో మనం కనిపెట్టుకోవాలి. నాకు చెప్పింది ఐసు లారీ డ్రైవరు.

తెల్లారకముందే గుంట గట్టు మీదికి వెళ్లాను. జనరేటరు మోత. ఫోకస్ లైటు వెలుగులో నడుముల్లోతు నీళ్లలో మనుషులు వల లాగుతున్నారు. గట్టు మీద ప్లాస్టిక్ క్రేట్లు, ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు. కాటా దగ్గర ఏజెంటు కూర్చుని ఉన్నాడు. కిలో తూచి రొయ్యలు లెక్కపెడతారు. కిలోకు ఎన్ని తూగితే అది కౌంటు. కౌంటు పెరిగే కొద్దీ ధర దిగుతుంది. నలభై వస్తుందనుకున్నది అరవై వచ్చింది. ఆసామి మొహం చూస్తే అర్థమైంది, ఆయన మనసులో వరస అప్పటికప్పుడు పొట్టిదైపోయింది.

చుట్టూ చూశాను. మేత డీలరు తన గుమాస్తాను పంపాడు. డీజిలు బంకాయన సొంతంగా వచ్చాడు. లీజు ఇచ్చిన పెద్దాయన తువ్వాలు కప్పుకుని గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. అందరం చలికి చేతులు కట్టుకుని, ఒకరి మొహం ఒకరం చూడకుండా, వలలోంచి వచ్చే రొయ్యల్నే చూస్తున్నాం.

"ఏం మేస్త్రీ, నువ్వు గూడా వస్తివా?" అన్నాడు ఆసామి.

"ఇటుపక్క పనుంటే వచ్చినా అన్నా."

ఇటుపక్క ఉప్పునేల, సర్వితోపు తప్ప ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నేను ఆయన్ని డబ్బు అడగలేదు. ఏజెంటు పక్కన కూర్చుని, టీ తాగుతూ, అందరికీ వినపడేట్టు అడిగాను: "ఈ సరుకు డబ్బు ఎప్పటికి పడుద్దన్నా?" పట్టుబడి రోజు చేతికి వచ్చేది తూకం చీటీ మాత్రమే, డబ్బు కంపెనీ నుంచి కొన్నాళ్లకు వస్తుంది. ఏజెంటు "బుధవారం" అన్నాడు. నాకు కావాల్సింది ఆ ఒక్క మాటే. బుధవారం పొద్దున్నే, బ్యాంకు తలుపు తెరవకముందే, నేను ఆసామి అరుగు మీద ఉన్నాను.

అయినా ఆయన నలభై వేలే ఇచ్చాడు. మిగతాది రావడానికి గట్టు మీద కాపలా కాదు కారణం. ఆ ఇంటికి మెట్ల చేతిపట్టు, మెట్లగది తలుపు నేను బిగించకుండా ఆపాను. దసరా తర్వాత వాళ్లమ్మాయి నిశ్చితార్థం పెట్టుకున్నారు. వచ్చే చుట్టాలు మిద్దె ఎక్కాలి. చేతిపట్టు లేని మెట్లు వియ్యపురాలికి చూపించలేరు. ఆసామి భార్య ఫోన్ చేసి, "అన్నా, ఆ పని ఒక్కటి చేసి పెట్టు, మీ అన్న చేత నేను ఇప్పిస్తా" అంది. ఇప్పించింది కూడా. ఈ ఒడ్డున చాలా ఇళ్లలో బాకీల వరస తేల్చేది ఆడవాళ్లేనని నాకు ఆ తర్వాత చాలాసార్లు రుజువైంది.

చేతిలో ఇంకా చేయాల్సిన పని ఒకటి ఉండాలి. మేస్త్రీలందరికీ తెలిసిన కిటుకే ఇది. సంపు మూత కావచ్చు, వంటగది గట్టు కావచ్చు. అది పూర్తయితే మన మాట విలువ కూడా పూర్తయినట్టే.

పట్టపుపాళెంలో, అంటే జాలర్ల పల్లెలో, మాత్రం ఈ కిటుకు అవసరం పడలేదు. అక్కడ ఒక గుడి కట్టాను. బేరం ఆడింది పాళెం పెద్దకాపులు. కాగితం లేదు, అడ్వాన్సు కొంచెమే. బయటి కంట్రాక్టర్లు భయపెట్టారు, వేటకు పోయేవాళ్ల దగ్గర డబ్బు నిలబడదని. అక్కడ తెలుసుకోవాల్సింది మనుషుల్ని కాదు, కాలాన్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో పాళెంలో మంచినీళ్ల బాకీ కూడా అడగకూడదు. నేను జూన్ చివర వెళ్లాను. నిషేధం ఎత్తేశాక బోట్లు కదిలి, వేట బాగా పడిన రోజులు. బోటుకింత అని కాపులు ముందే కట్టు పెట్టారు. పాళెం కట్టు తప్పినవాడికి పాళెంలో మాట ఉండదు. ఇంటింటికీ తిరిగే పని నాకు లేకుండా, చేపల వాసన కొట్టే చిన్న నోట్లన్నీ ఒక గుడ్డసంచిలో పోసి ఇచ్చారు. ఇంకా చిల్లర తక్కువైతే ఒక ముసలామె తన కొంగుముడి విప్పి కలిపింది. ఒక్కరు బాకీ ఉంటే వరస ఉంటుంది గానీ ఊరే బాకీ ఉన్నప్పుడు వరస ఎక్కడిది?

దానికి పూర్తిగా ఎదురు, కంపెనీల పని. 2008లో కృష్ణపట్నం పోర్టు తెరిచారు. నేలటూరులో 800 మెగావాట్ల థర్మల్ యూనిట్లు, పైనాపురం, తమ్మినపట్నం వైపు ప్రైవేటు ప్లాంట్లు వచ్చాయి. ముత్తుకూరు రోడ్డు మీద టిప్పర్లు ఆగేవి కావు. మాలాంటి చిన్నవాళ్లకు కాంపౌండు గోడలు, లేబరు షెడ్లు, డ్రెయిన్లు దొరికాయి. పైన పెద్ద కంపెనీ, దాని కింద కంట్రాక్టరు, ఆయన కింద సబ్ కంట్రాక్టరు, ఆయన కింద నేను. నాకు పనిచ్చిన సబ్ కంట్రాక్టరు మంచి మర్యాదస్తుడు. ఎప్పుడు వెళ్లినా ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఒకటే చెప్పేవాడు: "పైనుంచి రాగానే మీదే ముందు." పైన ఎవరున్నారో నేను ఎప్పుడూ చూడలేదు.

కంపెనీ బిల్లుకు రకరకాల కోతలు. నూటికి ఐదు రిటెన్షన్ అని ఏడాది దాకా ఆపుతారు. టీడీఎస్ పోతుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఇంకో చిక్కు తోడైంది. మనం బిల్లు పెట్టామంటే పన్ను వచ్చే నెల ఇరవైలోపు కట్టాలి, బిల్లు డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా. రాని డబ్బుకు పన్ను కట్టడానికి నేను మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టిన నెలలున్నాయి.

అన్నిటికంటే కష్టమైంది ఒక డ్రెయిను బిల్లు. నా పని కొలిచి సంతకం పెట్టాల్సిన ఇంజనీరు బదిలీ అయ్యాడు. కొత్తాయన "మళ్లీ జాయింట్‌గా కొలుద్దాం" అన్నాడు. అప్పటికే ఆ డ్రెయిను మీద మట్టి పోసి రోడ్డు వేసేశారు. మట్టి కింద పోయిన పనికి టేపు ఎక్కడ పెడతావు? నన్ను కాపాడింది ఒక సైటు రిజిస్టరు. ఏ రోజు ఎంత గుంత తవ్వాం, ఎన్ని బస్తాలు, ఎంత పొడవు కాంక్రీటు అని రాసి, సాయంత్రం సూపర్‌వైజరు చేత సంతకం పెట్టించేవాణ్ణి. వాళ్లు విసుక్కునేవాళ్లు, "ఏం అన్నా, మా మీద నమ్మకం లేదా" అని. నమ్మకం మనుషుల మీద, సంతకం బదిలీల కోసం అని చెప్పేవాణ్ణి. ఆ రిజిస్టరు, టేపు పరిచి తీసిన ఫొటోలు ముందు పెడితే బిల్లు కదిలింది. మొత్తం కాకపోయినా చాలా భాగం వచ్చింది.

ప్రభుత్వ పనులు నేను తీసుకోలేదు, తీసుకున్న స్నేహితుల్ని చూశాను. 2019కి ముందు చేసిన ఉపాధి హామీ పనుల బిల్లులు రాష్ట్రమంతా ఆగిపోతే చాలామంది హైకోర్టుకు పోయారు. 2021 అక్టోబరులో కోర్టు ఆ బకాయిలు 12 శాతం వడ్డీతో కట్టమని చెప్పింది. తీర్పు వచ్చిన రోజు మా స్నేహితుడొకడు స్వీటు పంచాడు. బయట తెచ్చిన అప్పుకు వాడు కట్టేది నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. గెలిచినా సగం వడ్డీ సొంత జేబులోంచే.

ఇక కాగితాల సంగతి. ఇళ్ల పనుల్లో బాకీ ముదిరితే ప్రోనోటు రాయించుకుంటాం. రూపాయి రెవిన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, పక్కన సాక్షులు. నోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆ లోపల కొంతైనా కట్టించి, నోటు వెనక ఆయన చేత చెల్లు రాయించి సంతకం తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకే మూడో ఏడు చివర్న మేం వెయ్యి రూపాయల కోసం కూడా గుమ్మం ఎక్కుతాం. తెలిసిన బాకీదారు ఆ వెయ్యి మాత్రం ఇవ్వడు. "ఇస్తే మొత్తం ఒకేసారి ఇస్తాలే" అంటాడు. ఆ మాట విన్న రోజు నేను వకీలు దగ్గరికి పోతాను.

చెక్కుకు ఇంకో లెక్క. బ్యాంకు తిప్పి పంపిందని తెలిసిన ముప్పై రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అందిన పదిహేను రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో కేసు వేయాలి. ఇందులో ఒక్క తేదీ తప్పినా కేసు నిలబెట్టడం కష్టం. నేను వేసిన కేసులో అవతలాయన వాయిదాకు వచ్చినప్పుడల్లా నాకు దండం పెట్టి, "పిల్లలెట్టుండారు?" అని అడిగేవాడు. కోర్టు ఆవరణలో ఒకే బండి దగ్గర ఇద్దరం ఇడ్లీ తినేవాళ్లం. చివరికి లోక్ అదాలత్‌లో వడ్డీ వదులుకుని, అసలు కంతుల మీద తీసుకున్నాను. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. రాజీ పడ్డవాడికి ఏడ్చే అవసరం లేదు, అలసట మాత్రం మిగులుతుంది.

అందరికంటే కచ్చితంగా బాకీల వరస చూపించినాయన ఐపీ పెట్టినాయన. ఒకరోజు రిజిస్టరు పోస్టులో దివాలా పిటిషన్ నోటీసు వచ్చింది. అందులో అప్పులవాళ్ల జాబితా టైపు చేసి ఉంది. ఇంతకాలం ఎదుటివాడి మనసులో ఊహించుకున్న వరసను అచ్చులో చూడటం అదే మొదటిసారి. నా పేరు రెండో పేజీలో, షామియానా ఆయనకూ పెళ్లి వంటల ఆయనకూ మధ్యలో ఉంది. వకీలు ఆఫీసులో మేమంతా కలిశాం. ఎవరికెంతో అందరికీ తెలిసిపోయింది కాబట్టి దాచుకోవడానికేం లేదు. వంటలాయన, "ఆ పెళ్లిలో మీరు తిన్నది నా డబ్బే" అన్నాడు. "ఆ పెళ్లి జరిగింది నా శ్లాబు కింద" అన్నాను. అందరం కడుపుబ్బ నవ్వాం. పైసా రాలేదు.

రావనుకున్న బాకీలు వచ్చిన కాలం కూడా ఒకటుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. మర్నాటి నుంచి నన్ను చూసి పక్క వీధిలోకి తిరిగేవాళ్లు మా ఇంటి తలుపు కొట్టారు. ఏళ్ల తరబడి "చేతిలో లేదు" అన్నాయన సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు, లోపలన్నీ పాత ఐదొందలు, వెయ్యిలు. "మేస్త్రీ, నీ రుణం ఉంచుకోకూడదు" అన్నాడు. మా ఆవిడ లోపలికి పోయి నవ్వింది. నేను నా లెక్కలో ఉన్నంతే తీసుకుని, రశీదు రాసిచ్చి, ఖాతాలో కట్టాను. డిసెంబరు 30 దాకా గడువుంది. కట్టింది కట్టాక చిక్కు మొదలైంది. వారానికి 24 వేలకు మించి తీయనివ్వరు. శనివారం బట్వాడాకు నలభైమంది కూలీలు ఎదురుచూస్తున్నారు. ఖాతాలో ఎన్నడూ లేనంత డబ్బు, చేతిలో కూలికి లేదు. కొంతమందికి బియ్యం అంగట్లో నా పేరు మీద సరుకు ఇప్పించాను. ఆ నెలంతా నేనూ అందరికీ బాకీదారునే.

అది చెప్పకుండా బాకీల కథ పూర్తికాదు. నాకు రావాల్సింది ఎంతో, నేను ఇవ్వాల్సింది అంత. ఇనుము అంగడి, సెంట్రింగు సామాన్ల అద్దె, ఇసుక ట్రాక్టరు. నాకూ వరస ఉంది. బట్వాడా ముందు, మిగతావన్నీ తర్వాత. కూలీలు మంచివాళ్లనీ, నేను ధర్మాత్ముణ్ణనీ కాదు. శనివారం కూలి పడకపోతే సోమవారం వాళ్లు ఇంకో సైటులో ఉంటారు. వాళ్ల చేతిలోనూ చేయాల్సిన పని ఉంది.

సెటిల్‌మెంటు చేసిపెడతామని వచ్చే బ్యాచీలు కూడా ఉంటాయి. సగం వాళ్లకు, సగం మనకు. నేను ఆ దారి తొక్కలేదు. ఒక మనిషి ఇంటి ముందు రౌడీని నిలబెట్టాక ఆ ఊళ్లో మళ్లీ ముగ్గు పోసి పునాది తీయలేం. ఈ ఒడ్డున ఇల్లు కట్టించేవాళ్లందరూ ఒకరికొకరు చుట్టాలే. 2015 వరదల్లో గుంటలు కొట్టుకుపోయినప్పుడు నేను ఎవర్నీ అడగలేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు, గుంటల మీద ఆధారపడ్డ ఇళ్లలో పూత పని ఆగిపోతే, పలుగూపారా సర్దుకుని పక్కకొచ్చాం. లేనివాణ్ణి అడిగితే వచ్చేది శత్రుత్వమే. ఉన్నప్పుడు ఇవ్వనివాడు, లేనప్పుడు ఇవ్వలేనివాడు వేరువేరు మనుషులు.

నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర సొంతిల్లు కావాలన్న కోరికతో సొంతింటి రొట్టె పట్టుకునేవాళ్లు ఏటేటా వస్తారు. వాళ్లలో కొందరు తర్వాత నా దగ్గరికీ వస్తారు. వసూలు రొట్టె కూడా ఒకటి ఉండాలని మా మేస్త్రీలు నవ్వుకుంటుంటారు. నా నమ్మకం మాత్రం వేరే చోట ఉంది. ఇక్కడ చాలా ఇళ్లకు శ్లాబు మీద పిల్లర్ల కడ్డీలు మూడడుగులు పైకి వదులుతాం, ఎప్పటికైనా పై అంతస్తు వేసుకుంటారని. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూస్తాం. బాకీ ఉన్న ఇళ్ల కడ్డీలకు నేను ఒక పూత ఎక్కువే పూయిస్తాను.

పోయినేడు అట్టాంటి ఒక ఇంటి కుర్రాడు వచ్చాడు. పెళ్లి కుదిరిందట, పైన రెండు గదులు వేయాలట. ప్లాను చూశాను, రేటు చెప్పాను. తర్వాత పాత నోటుబుక్కు తీసి వాళ్ల నాయన పేజీ చూపించాను. "ఇది ఎప్పటిదో కదన్నా" అన్నాడు. "కడ్డీలు కూడా అప్పటివే నాయనా, ఇప్పుడు పనికొస్తుండాయి గదా" అన్నాను. వడ్డీ అడగలేదు. అసలు తీరాకే పునాది నుంచి కొలతలు మళ్లీ తీశాను. కొత్త పనికి కాగితం రాసుకున్నాం: పిల్లర్లకు ఇంత, శ్లాబుకు ముందు ఇంత, పూతకు ఇంత. డబ్బు పడినట్టు ఫోనుకు మెసేజి వచ్చాకే కాంక్రీటు మిల్లరు కదిలింది.